ఏడో రీలు

ఆదోనిలో అప్పుడు
ఒక ప్రింటుకు రెండు టాకీసులు.
పత్తి యార్డు కాడ ఒకటి,
రైలు గేటు దాటినాక ఇంకోటి.
నడిమధ్యన నేను, నా సైకిలు,
క్యారియరు మీద పాత ట్యూబుతో బిగించిన రేకు డబ్బా.

ఈడ రెండింటికి బొమ్మ పడితే
ఆడ మూడింటికి.
రవ్వంత ఆలస్యమైతే
తెల్లతెర మీదికి ఈలలు, చెప్పులు.
హుసేన్‌పీరా కేబిన్ కిటికీలో తల పెట్టి
అరే ఉరుకుందూ, యాడ సచ్చినావురా అని అరుస్తాండె.
ఉరికేదానికే వీనికి ఆ పేరు పెట్టిండ్రని
సోడాబండి కాడ నవ్వుతాండ్రి.

నూరు దినాలు ఆడింది ఆ సినిమా.
నూరు దినాలు మోసినా.
హీరోయిన్ బరువెంతో నన్నడగండి,
డబ్బాతో కలిపి పన్నెండు కిలోలు.

అన్ని రీళ్లూ తునకలు తునకలుగా సూసినా గానీ
ఏడోది మటుకు సూడలే.
అది ఈడ ఆడేటప్పుడు నేను ఆడ,
ఆడ ఆడేటప్పుడు గేటు కాడ
గూడ్సు పెట్టెలు లెక్కపెట్టుకుంటా.

ఆరో రీలు ఆఖర్న ఆమె తలుపు గడియ పెడుతుంది.
ఎనిమిదో రీలు మొదట్లో
ఆమె తల నెరిసిపోయి ఉంటుంది.
నడుమ ఏమైంది?

రాత్రి పండుకునేముందు మారెక్కను అడిగేవాణ్ణి.
ఆడోళ్ల బెంచీలో కూచోని మూడుసార్లు సూసింది తను.
జుట్టులో ఇరుక్కున్న జిన్నింగు మిల్లు దూది
పీక్కుంటా పీక్కుంటా చెప్పేది.
ఒక రాత్రి, మొగుడు ఏట్లో కొట్టుకపోయినాడనె.
ఇంకో రాత్రి, లేదు, ఆమే ఎళ్లగొట్టిందనె.
మూడో రాత్రి,
ఏం కాలేదు, ఊరికే ముసల్దయింది, పండుకో, అనె.

ఒక దినం గేటు కాడ పట్టాల్లో చక్రం ఇరుక్కోని పడినా.
మోకాలు పగిలింది సరే,
మూత ఊడి ఏడో రీలు
కంకర మీద జెర్రిపోతు మాదిరి పారింది.
చొక్కా ఇప్పి తుడిచినా,
చేతికి చుట్టుకుంటా పరిగెత్తినా.
యజమాని ఇరవై రూపాయలు కోసుకున్నాడు.

ఆ పొద్దునుంచి ఆ రీలంతా తెర మీద వానేనంట,
సన్న సన్న నిలువు గీతల వాన.
మూడేండ్లుగా చినుకు లేదు ఊర్లో.
నువ్వు పడితే గానీ పడలేదు కదరా వాన
అన్నాడు హుసేన్‌పీరా, బీడీ ఆర్పేసి.

మొన్న మళ్లీ వచ్చింది.
నలభై రెండేండ్లకు.
యార్డు టాకీసు కల్యాణ మండపమైంది,
గేటు నెత్తిన బ్రిడ్జి లేచింది.
ఇప్పుడు డబ్బా లేదు, మోసేవాడు లేడు,
బొమ్మ నేరుగా ఆకాశం నుంచి దిగుతుందంట.
టికెట్టు నూటయాభై. ఇద్దరం పోయినాము.

వాళ్లకన్నా వయసులో పెద్దదైన సినిమాకు
పిల్లోళ్లు కాగితాలు ఎగరేస్తాండ్రు.
డైలాగులు ఆమె కంటే ముందే చెప్పేస్తాండ్రు.
ఎవరు నేర్పినారో!

ఆమె గడియ పెట్టింది.
నా కాళ్లు వాటంతటవే పెడళ్ల కోసం ఎతికినాయి.
పోలేదు. కూచున్నా.

ఒక్కతే ఇంటికి సున్నం కొడతాంది ఆమె.
మాట లేదు, పాట లేదు.
ఎవరో తలుపు కొడతారు. తియ్యదు.
కిటికీ ఎండ ఈ గోడ నుంచి ఆ గోడకు జరుగుతుంది.
కుంచె నుంచి చుక్కలు
జుట్టు మీద, కనురెప్పల మీద.
పిల్లోళ్లు కూడా కిక్కురుమనలేదు.

ఒక్క గీత లేదు.
ప్రతి బొమ్మా కడిగి తుడిచినారంట మద్రాసులో.
నా వాన యాడా లేదు.

ఇది నువ్వు చెప్పలేదే, అన్నా మారెక్క చెవిలో.
తెర మీంచి చూపు తియ్యకుండా అనె:
నేనెప్పుడు సూసినా?
సరిగ్గా ఆ టయానికే పెద్దోడు ఏడిసేవాడు.
మూడుసార్లూ
వరండాలో ఆడిస్తా నిలబడింటి.

మరి చెప్పినవన్నీ?

ఉష్... సూడనీ, అనె.

తెర మీద ఎవరో
మళ్లీ తలుపు కొడతాండారు.